అడుగున పిడికెడు పాత మందు

నేను ఒక జాడీని. ఊరగాయ కోసం బట్టీలో కాల్చారు గానీ, బొబ్బిలి దగ్గర ఓ పల్లెలో సన్యాసమ్మ చేతిలో పడి బాలింతల మందుకు అంకితమయ్యాను. శొంఠి, పిప్పళ్ళు, మోడి, వాము దంచి ఆ పొడి నాలో పోసేది. బెల్లంతో కలిపి ముద్ద చేస్తే అదే కాయం.

ఆవిడ నన్ను ఏనాడూ ఖాళీ చేయలేదు, కడగలేదు. అడుగున పిడికెడు ఉంచి, దాని మీదే కొత్తది పోసేది. "పాతదుంటేనే మందుకి సత్తువ" అనేది. ఆ పిడికెడు అత్తగారి జాడీలోంచి తెచ్చుకున్నదట! గడపలు కడిగే మనుషులు, బాలింత నోటికందే జాడీని కడగరు. ఏం చెప్పను వీళ్ళకి?

ఆ ఏడు ముసురు పట్టి దినుసులు సరిగా ఎండలేదు. అలాగే దంచి పోసేసింది. కొన్నాళ్ళకి నా అడుగున ఏదో మేలుకుంది. తెల్లగా, నూలుపోగుల్లా. చప్పుడు లేదు, ఊపిరి లేదు, పాకుతోంది. పైపొడి మాత్రం ఘుమఘుమలాడుతూనే ఉంది. నాకెంత భయమేసిందో!

అప్పుడే ఆవిడ కూతురు గైరమ్మ పురుడు పోసుకుంది. ఐదోనాడు తల్లే కాయం తినిపించింది. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. "గాలి సోకింది" అని దిష్టి తీసింది. గైరమ్మ పలకడం మానేశాక ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తింది.

వసారా గూట్లో నేనూ, నాలోదీ మిగిలాం. మర్నాడు పొరుగింటి అప్పలకొండ వచ్చి, నన్ను బోర్లించి, అడుగు దాకా గోకి పొడంతా పట్టుకుపోయింది. మొదటిసారి ఖాళీ అయ్యాను. ఎంత హాయిగా ఉందో చెప్పాలంటే సిగ్గేస్తోంది.

ఆ మధ్యాహ్నమే సన్యాసమ్మ తిరిగొచ్చింది. కూతురు బతికింది. మందు బూజు పట్టిందనీ, ఇంకెవరికీ పెట్టొద్దనీ డాక్టరమ్మ చెప్పిందట. పారబోద్దామని నన్ను పెంటకుప్ప దగ్గర వంచింది. ఏమీ రాలలేదు.

"ఒలమ్మో, ఇందులోది ఏటయిపోనాది?"

గోడ అవతలి నుంచి అప్పలకొండ నవ్వింది. "నానే అట్టుకెల్నానప్పా! మా కోడలు నీలాడి పురిట్లో ఉంది గదా, నువ్వు సూస్తే నేవు. పాత పొడి కూడా కలిపే ఎట్టినాను. సత్తువంతా అందులోనే గదా!"

"ఎప్పుడెట్టినావే?"

"పొద్దున్నే. తిని తొంగుంది."

సన్యాసమ్మ చేతుల్లోంచి జారి రాయి మీద పడి పగిలాను. ఆవిడ వెనక్కి చూడలేదు. "లేపండే! పిల్లని లేపండే!" అని గుండెలు బాదుకుంటూ ఆ ఇంట్లోకి పరుగెత్తింది.

పెంటకుప్ప మీద పెంకులై వింటున్నాను. లోపల ఇద్దరూ ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలుస్తున్నారు. పిలుస్తూనే ఉన్నారు.