బీరువాలో పెట్టిన చదువులు

పదో తరగతి గది కిటికీకి ఊచలు అతికిస్తున్న వెల్డరుకు లోపలి పాఠం చెవిన పడుతూనే ఉంది. డబ్బు గురించీ చట్టం గురించీ పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పమని హెడ్మాస్టరు పిలిచింది ఎవరినయ్యా అంటే, బట్టల షాపు షావుకారుని. దయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇదే.

"చదవకుండా సంతకం పెట్టకండి. ఒరిజినల్ కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి" అంటున్నాడు షావుకారు, చాక్‌పీసు ఊపుతూ.

వెల్డరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దకూతురు షాపులో పనికి చేరిన రోజే దాని ఇంటర్ సర్టిఫికెట్ ఈ మహానుభావుడు అడిగి పుచ్చుకున్నాడు. అమ్మాయిలు మధ్యలో మానెయ్యకుండా అందరి దగ్గరా అలాగే తీసుకుంటాడు. మన ఇల్లు కురుస్తుంది, ఆయన బీరువాలో అయితే భద్రమని వెల్డరే రెండు చేతులా అప్పగించి వచ్చాడు. ఇప్పుడు పిల్లకి నర్సింగు సీటొచ్చింది. రేపటికల్లా ఒరిజినల్ చూపించకపోతే ఆ సీటు పోతుంది. షావుకారేమో సీజను అయ్యాక చూద్దాంలే అంటున్నాడు.

లోపల బెంచీలోంచి వెల్డరు చిన్నకూతురు లేచింది.

"మరి మా అక్క సర్టిఫికెట్ మీ బీరువాలో ఎందుకుంది సార్?"

"కూర్చోవే! పెద్దంతరం చిన్నంతరం లేదూ?" హెడ్మాస్టరు కసిరాడు.

"కూర్చోకు తల్లీ." నల్లద్దాలు నుదుటి మీదికి తోసి వెల్డరు లోపలికొచ్చాడు. "చెప్పండి సార్, పిల్ల అడిగింది కదా."

షావుకారు ఇకిలించాడు. "బయట మాట్లాడుకుందాం రావయ్యా."

"బయట మీ షాపు మెట్ల మీద వారంగా మాట్లాడుతూనే ఉన్నా. ఏడుతో బడి మానేసినోణ్ని, మట్టిబుర్ర. మీ పాఠం ఇంకోసారి చెప్పండి, ఎక్కుద్దేమో."

"నీ పని కిటికీ వరకే! నోరు లేస్తే బిల్లు ఆపేస్తా" అన్నాడు హెడ్మాస్టరు.

"ఆపుకోండి. ఆ బిల్లు ఉప్పేసుకుని నాక్కోండి."

వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది. "మా వదినది కూడా సార్." ఆ పక్కన ఇంకోటి. "మా పిన్నిది..."

షావుకారు చెమట తుడుచుకుని ఫోను తీశాడు. "ఒరేయ్, ఆ నర్సింగు పిల్ల కాగితం ఉంది చూడు, అదొక్కటీ బడికి పట్రా."

ఆ ఒక్కటీ వస్తే వెల్డరు ఇల్లు గట్టెక్కినట్టే. అతను లేచిన చేతుల వంక చూశాడు. తలుపు మూసి, బెంచీ అడ్డంగా లాగి దాని మీద కూర్చున్నాడు.

"అదొక్కటే కాదు, బీరువా మొత్తం రావాలి. అందాకా పాఠం కానివ్వండి."