కుంటి దుప్పి కొమ్ములు

ఆ ఉదయం ఆకాశం మజ్జిగ తేటలా ఉంది. వానా లేదు, ఎండా లేదు. వై నది మీద లేచిన మంచు గట్టెక్కి ఇళ్ల కప్పుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆ మంచులోంచి మా మేస్త్రి హామో దుప్పి తలను భుజాన వేసుకుని వచ్చాడు. మొండేన్ని కర్రకు కట్టి వెనక మోసుకొచ్చినవాళ్లలో నేనొకణ్ణి. మిగతావాళ్లు హామో తమ్ముళ్లు.

హామో తిన్నగా విల్లులు చేసే కొట్టంలోకి వచ్చి, ఆ తలను సిబ్లీ ముందున్న బల్ల మీద పడేశాడు. దాని నాలుక పక్కకి జారింది.

"ఇదుగో, నీకు మొగుణ్ణి తెచ్చా. మొదటివాణ్ణి మింగావు కదా, వీణ్ణెన్నాళ్లుంచుతావో చూద్దాం."

కొట్టంలో ఉన్నవాళ్లు నవ్వారు. సిబ్లీ వేళ్లతో దుప్పి కళ్లు మూసింది.

"మొదటివాడు నీలా వాగేవాడు కాదు మేస్త్రీ. వీడూ వాగేలా లేడు. మాకు బాగానే సాగుద్దిలే."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. హామో నవ్వలేదు.

సిబ్లీ మొగుడు పేన్ మా కొట్టంలో కొమ్ము పనివాడు. మేం చేసేవి బరువు విల్లులు. యూ చెట్టు కర్రతో మనిషికంటే ఎత్తుగా చేస్తాం. చిన్నప్పటినుంచి సాధన లేనివాడు వాటిని చెవిదాకా లాగలేడు. అంత బిగువుకి అల్లెతాడు వట్టి కర్రని కోసేస్తుంది. అందుకని రెండు కొనలకీ దుప్పి కొమ్ముతో తొడుగులు చేసి అతికిస్తాం. తాడు కూర్చునే గాడి ఆ తొడుగులోనే ఉంటుంది. రాజుగారు ఫ్రాన్సు మీదికి విల్లుకాండ్రను పంపినప్పుడల్లా మా విల్లులే ముందు అడిగేవారు.

పేన్ వసంతంలో జ్వరంతో పోయాడు. మా కట్టుబాటు ప్రకారం కొమ్ము పనివాడి బల్ల ఎవరిదైతే కొట్టం వెనక గుడిసె వాళ్లదే. పోయినవాడి పెళ్లాం ఆ పని తానే చేస్తానంటే ఒక్క విల్లుతో పరీక్ష పెట్టాలి. తొడుగులు నిలబడితే బల్లా గుడిసే ఆమెవి. పగిలితే ఆ సాయంత్రమే గుడిసె విడవాలి. ఆకులు రాలిపోయాయి, చలి ముదురుతోంది. సిబ్లీకి వెనక్కి పోవడానికి పుట్టిల్లు లేదు. హామోకి ఆ గుడిసె తన పందులకి కావాలి.

ఇంకో కట్టు కూడా ఉంది. కొత్త విల్లుని మొదటిసారి చెవిదాకా లాగేది మేస్త్రి. అప్పుడు తొడుగులు చేసినవాడు పై కొనకి జానెడు దూరంలో మొహం పెట్టి నిలబడాలి. పేన్ అలా నిలబడి ఈల వేసేవాడు. పేన్ కంటే ముందు ఆ బల్ల మీద పనిచేసినవాడికి ఒకే కన్ను ఉండేది.

"ఒక విల్లుకి ఒకే దుప్పి," అన్నాడు హామో గుమ్మంలో ఆగి. "కుడికొమ్ము పై కొనకి, ఎడమది కింది కొనకి. వేరే దుప్పి ముక్క కలిపావంటే రెండూ కుమ్ముకుని విల్లు చీలుద్ది."

"తెలుసు. ఉయ్యాల్లో ఉన్నప్పటినించీ వింటున్నా."

అతను వెళ్లాక ఆమె రెండు కొమ్ముల కొనలూ రంపంతో కోసింది. చెరో అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకుని బరువు చూసింది. తర్వాత కోసిన చోట నాలుకతో తాకింది. గట్టి కొమ్మయితే నున్నటి రాయిలా తగిలి ఊరుకుంటుంది. లోపల బెండు ఉంటే తడి పీల్చి నాలుకని పట్టుకుంటుంది. ఎడమ ముక్క ఊరుకుంది. కుడిదాన్ని నాలుక మీంచి లాగి తియ్యాల్సొచ్చింది.

నేను ఎదురుగా కూర్చుని, రెండు పిడుల కత్తితో విల్లు కర్ర చెక్కుతున్నాను. ఆమె పరీక్షకి పెట్టిన కర్రే అది.

"ఇథెల్," అంది తల ఎత్తకుండా. "మోసుకొచ్చావు కదా. కుంటిదా?"

"ఎడమ వెనక కాలు. పాత దెబ్బ. ఎముక వంకరగా అతుక్కుంది."

"మేస్త్రి చూశాడా?"

"ఏరి మరీ కొట్టాడు. మందలో ఇంతకన్నా మంచివి ఉన్నాయి."

ఎడమ వెనక కాలు చెడిన దుప్పికి కుడికొమ్ము చెడిపోతుంది. పైకి మామూలుగానే ఉంటుంది, లోపల అంతా బెండే. మా అడవి పక్క పుట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. పరీక్షకి తెలిసి తెలిసి చెడ్డ కొమ్ము ఇచ్చిన మేస్త్రికి కొట్టం దక్కదని కూడా తెలుసు.

సిబ్లీ ఆ ముక్క పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. హామో అక్కడ దుప్పి తోలు ఒలుస్తున్నాడు. కిటికీలోంచి మాటలు నాకు వినబడ్డాయి.

"ఇది బెండు మేస్త్రీ. ఇంకో జత ఇప్పించు."

"చేతకానిదానికి కొమ్మే వంక."

"డ్రోగోగారికి చెప్పుకుంటా."

డ్రోగో మా ఊరిపెద్ద.

"చెప్పుకో. కుంటి దుప్పి అంటే ఆయన కాలు ఏదీ అంటాడు. అదిగో, కుక్కలు తింటన్నయ్. చెయ్యలేనంటే ఇప్పుడే మూట కట్టుకో, నా పందులు చలికి వణుకుతున్నయ్."

ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. పిల్లి కళ్లు మూసుకుని ఎండలో కూర్చున్నట్టు కాసేపు కూర్చుంది. తర్వాత పని మొదలుపెట్టింది. ముక్కల్ని వేడినీళ్లలో వేసింది, కొమ్ములోని జిగురు దిగిపోకుండా తొందరగానే తీసింది. కొన వైపు సన్నబడే బరమాతో లోపల తొలిచింది. ఆకురాయితో అరగదీసింది. గాడి కోసి, తాడు తెగకుండా దాని అంచులు నున్నగా చేసింది. పేన్ పనికీ ఆమె పనికీ తేడా చెప్పలేరు. అయ్యేసరికి రెండు తొడుగులూ తేనెరంగులో, కవలల్లా ఉన్నాయి.

తోలు ఉడికించిన జిగురు రాసి ఆమె బెండు తొడుగుని కింది కొనకి పెట్టింది, గట్టిదాన్ని పై కొనకి. విల్లు ఎక్కుపెట్టినప్పుడు కింది కొన లాగేవాడి ఎడమకాలి దగ్గర ఉంటుంది. నేను చూశాను. నేను చూశానని ఆమె చూసింది. నా పని నేను చేసుకున్నాను.

జిగురు ఆరాక ఊరంతా చర్చి వెనక పచ్చికలో చేరారు. డ్రోగో కర్ర ఊతగా ముందు నిలబడ్డాడు. హామో విల్లు అందుకుని అల్లెతాడు తగిలించాడు.

"పైన కుడిదేగా?"

"నువ్వు చెప్పినట్టే."

హామో తోలు టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. "మొహం దగ్గరికి పెట్టు. ఇంకా. ముద్దుపెట్టుకోడానికి సిగ్గా? ఇంట్లో ఎవరూ లేరులే అడగడానికి."

తమ్ముళ్లు ఇకిలించారు. సిబ్లీ వెళ్లి పై కొనకి దాదాపు బుగ్గ ఆనించి నిలబడింది. కట్టు ప్రకారం అంత దగ్గర అక్కర్లేదు. అది చూసి హామో ఒక్క క్షణం ఆగాడు. ఏదో తోచినట్టే ఉంది. కానీ ఊరంతా చూస్తోంది.

లాగాడు. విల్లు మూలిగింది. చెయ్యి గడ్డం దాటి చెవి దగ్గరికి వచ్చింది.

ఎండిన ఎముక కొరికినట్టు చప్పుడయింది. అంతలోనే విల్లు పేలింది. కింది తొడుగు రెండుగా చీలి తాడు వదిలేసింది, విల్లు కింది సగం విరిగి వెనక్కి తిరిగింది. దాని మొన హామో ఎడమ మోకాలి చిప్ప కింద దిగి వెనకనుంచి బయటికి వచ్చింది. అతను పడలేదు, ముందు కూర్చున్నాడు. తర్వాత అరిచాడు. ఆ అరుపు పందిని కోసినప్పటిలా ఉందని అతని తమ్ముడే అన్నాడు.

సిబ్లీ మొహం మీద గీత కూడా పడలేదు. వంగి పచ్చికలో పడ్డ కొమ్ము ముక్కలు ఏరి గుప్పిట్లో పెట్టుకుంది.

విల్లు విరిగిన రోజున ఆ కర్రతోనే పొయ్యి రాజేసి, కొట్టంలో అందరూ ఒకే కుండలోది తినాలి. అదీ కట్టే. సాయంత్రానికి హామోని చెక్క పలక మీద పడుకోబెట్టి, కాలు కట్టి, పొయ్యి దగ్గరికి తెచ్చారు. ఆ మోకాలు ఇక వంగదని కట్టు కట్టిన ముసలమ్మ చెప్పింది. అతని మొహం మైనంలా ఉంది.

"తొడుగు పగిలింది," అన్నాడు డ్రోగో. "గుడిసె ఖాళీ చెయ్యాల్సిందే. అయినా మేస్త్రి నోటితో చెప్పాలి. చెప్పు హామో."

హామో సిబ్లీ వైపు చూశాడు. ఆమె గుప్పిట కొంచెం తెరిచింది. అతనికీ పక్కనున్న నాకూ మాత్రమే కనబడింది. చీలిన ముక్క లోపల తెల్లగా, బూజు రొట్టెలా బెండు. ఎడమకొమ్ము గట్టిదని హామోకి తెలుసు. కాబట్టి ఆమె మార్చి పెట్టిందని తెలుసు. ఆ మాట అనాలంటే కుడిది బెండని ముందే తెలుసని ఒప్పుకోవాలి. తొడుగుదే తప్పంటే ఆమె ఆ బెండు డ్రోగోకి చూపిస్తుంది, కొట్టం పోతుంది.

"తప్పు తొడుగుది కాదు," అన్నాడు చివరికి.

"మరి?"

"కర్రది. ముడి దగ్గర ఎక్కువ చెక్కాడు."

"ఎవరూ?"

"ఇంకెవడు, ఇథెల్ గాడు."

డ్రోగో నా వైపు తిరిగాడు. "ఏరా? నిజమేనా?"

నేను సిబ్లీని చూశాను. ఆమె నన్ను చూడలేదు. గుప్పిట్లోవి పొయ్యిలో వేసింది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. ఇక చూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

"నోరు పడిపోయిందా?"

"ఏం చెప్పమంటారు," అన్నాను.

"అయితే ఇవాళ్టినించి కత్తి ముట్టకు. కట్టెలు మొయ్యి. సిబ్లీ, బల్ల నీదే."

ఆమె తలూపింది. లేచి కుండ దించింది. బఠాణీల గంజి, అందులో దుప్పి మాంసం. ముందు డ్రోగోకి, తర్వాత హామో తమ్ముళ్లకి పోసింది. హామో గిన్నెని అతని రొమ్ము మీద ఆనించి, రొట్టె తుంచి నానబెట్టి నోటికందించింది. అతను నోరు తెరిచాడు. నా గిన్నెలో మాంసం ముక్క ఒకటి ఎక్కువ వేసింది. తిన్నాను.