ముందు మాంసం

దుప్పి రెండో తొడను బట్ట సంచిలోకి దించి మూతి బిగించేసరికి ఎండ లోయ అడుగుదాకా వచ్చేసింది. రాఘవులు ఆకాశం వంక చిరాగ్గా చూశాడు. సెప్టెంబరులో న్యూ మెక్సికో కొండల్లో పొద్దున వణికిస్తుంది, పదింటికల్లా మాడుస్తుంది. ముందు కాళ్ళు ఇంకా తోలుతోనే ఉన్నాయి.

ఈ వేటలో తుపాకీ పట్టినవాడి కష్టమంతా ఒక్క వేలికి. మూడు వందల కిలోల ఎల్క్ దుప్పిని కోసి, మైలు దూరం నిట్టనిలువు దారిలో శిబిరం ట్రక్కు దాకా మోసేది రాఘవులు. అరవై ఒక్క ఏళ్ళ పొట్టి మనిషి. ఎర్నెస్టో వేట శిబిరంలో పదిహేనేళ్ళుగా అతనిదే ఈ మోత. భుజాల మీద చర్మం ఒరుసుకుని మొద్దుబారింది. ఏ ఫొటోలోనూ అతనుండడు. తీసేది అతనే మరి.

ఈ వారం వేటగాడు పార్సిప్పనీలో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే దామోదర్. తెల్లవారుతుండగా ఒక్క గుండుతో పడగొట్టాడు, అందులో వంక పెట్టడానికి లేదు.

"రాఘవులు గారూ, ఫస్ట్ హెడ్ తీసుకెళ్దాం. ఈవెనింగ్ ఫ్లైట్ ఉంది నాకు."

"ముందు మాంసం సార్. కొమ్ములు ఆఖరి మోత."

"మీట్ నాకొద్దండీ, వదిలేయండి."

రాఘవులు చాకు తుడుచుకున్నాడు. మూడేళ్ళ క్రితం ఇలాగే ఒకాయన తొందరపెడితే తల ముందు మోశాడు. తిరిగొచ్చేసరికి ఎముక చుట్టూ మాంసం పచ్చబడి కంపు కొట్టింది. తను ముక్క ముట్టని మనిషి, అయినా ఆ రోజు కూర్చుని ఏడ్చాడు. ఈ మాంసం కొండ కింది ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళు చలికాలమంతా తినే తిండి. చంపి కుళ్ళబెట్టడం మళ్ళీ తన చేతులతో జరగనివ్వడు, ఎవరు చెప్పినా సరే.

దామోదర్ రేడియోలో ఎర్నెస్టోకి ఫిర్యాదు చేశాడు. రేడియో గరగరలాడింది.

"రాఘవ్, తల ముందు తీసుకురా. లేదంటే రేపట్నుంచి రావద్దు."

"సరే, రాను," అన్నాడు రాఘవులు. ముందు కాలి తోలు ఒలవడం మొదలుపెట్టాడు.

నాలుగు మోతలయ్యాయి. మూడోసారికి ఎడమ మోకాలు మాట వినడం మానేసింది. దాన్ని బూతులు తిడుతూ ఎక్కాడు. సాయంత్రానికి సంచులన్నీ ట్రక్కు పక్కన పైన్ చెట్ల నీడలో వేలాడుతున్నాయి. ఒక్కొక్కదాన్నీ అరచేత్తో తాకి చూశాడు. చల్లగా ఉన్నాయి. చీకటి పడేలోగా ఊరివాళ్ళొచ్చి దించుకుపోతారు. చాలా రోజుల తర్వాత అతనికి గర్వంగా అనిపించింది.

మొదటి మోత వెంటే పైకొచ్చి, అప్పట్నుంచీ ఆ నీడలోనే కూర్చున్న దామోదర్ లేచి వచ్చాడు. ఫ్లైట్ ఇక అందదు.

"నా హెడ్ ఎవరు తెస్తారండీ ఇప్పుడు?"

"దారి మీకు తెలిసిందే కదా సార్."

రాఘవులు వీపు మీది మోత చట్రం విప్పి కింద పెట్టాడు. కుంటుకుంటూ వెళ్ళి, ట్రక్కు వెనక ఆపుకున్న తన పాత కారెక్కాడు. దుమ్ము లేచి మెల్లగా అణిగింది.

దామోదర్ బూట్ల ముందు ఆ అల్యూమినియం చట్రం, చెమటకు నానిన పట్టీలతో ఖాళీగా నిలబడి ఉంది.