ఆట మధ్యలో సైరన్

నన్ను చూసి ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ, వాళ్ల మొహాలు! నాకే అర్థం కాని సంగతి వాళ్లకేం అర్థమవుతుంది?

యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు ఎంపికల కోసం గోదావరిఖని నుంచి వరంగల్ వెళ్లాను. డిగ్రీ చివరి ఏడు, అదే ఆఖరి అవకాశం. అంతకుముందు రెండేళ్లూ నన్ను ఎగస్ట్రా ప్లేయరని బెంచీ మీదే కూచోబెట్టారు. ఈసారి మాత్రం సెలెక్టర్లు నన్నే చూస్తున్నారు. మా కోచ్ రఘుపతి సార్ గొంతు చించుకుంటున్నారు. "శాలినీ, గట్లనే! ఇడువకు!"

ఎంపిక మ్యాచ్‌లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఆఖరి నిమిషం. బంతి నా చేతిలో ఉంది, రింగు కింద ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే పక్కనున్న మిల్లులో సైరన్ మోగింది.

మా గోదావరిఖనిలో షిఫ్టు వేళకి సైరన్ మోగితే ఎవరూ తల కూడా తిప్పరు. వేళ కాని వేళ మోగిందంటే మాత్రం బొగ్గుబావిలో ఏదో అయిందనే. పొయ్యి మీద కూర పొయ్యి మీదే వదిలేసి అందరం బావి గేటుకి ఉరుకుతాం. మా బాపు స్తెఫను ఆ బావిలోనే పనిచేస్తాడు.

నేను ఉరికాను. రింగు వైపు కాదు, రోడ్డు వైపు. రెండు సందులు దాటాక గానీ ఇది మా ఊరు కాదని, అది మిల్లు షిఫ్టు సైరనని బుర్రకెక్కలేదు. ఎక్కినా భయం పోలేదు. అదేం భయమో! బంతి చంకలో పెట్టుకునే ఎస్టీడీ బూత్‌లో దూరి ఇంటికి ఫోన్ కొట్టాను. బాపే ఎత్తాడు.

"బాపూ, మంచిగున్నవా?"

"నాకేమైంది బిడ్డా? డ్యూటీ దిగొచ్చి తింటున్న. నీ పేరొచ్చిందా?"

"సైరన్ మోగింది బాపూ... ఉరికిన."

"ఏడ మోగింది?"

"ఈడనే. వరంగల్‌ల."

"నేనీడుంటే నువ్వాడ ఉరుకుడేందే, పిస్స పోరీ!" అని పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాడు. "గింత భయం పెట్టుకొని గిన్నేండ్లు ఎట్ల ఆడినవ్ బిడ్డా?"

ఇంతలో రఘుపతి సార్ రొప్పుతూ వచ్చారు.

"దిమాగ్ ఖరాబైందా? మ్యాచ్ పోయింది. నీ పేరు కొట్టేసిండ్రు!"

భోరున ఏడ్చాను. బాపు క్షేమంగా ఉన్నాడని ఏడ్చానో, జట్టు చేజారిందని ఏడ్చానో నాకిప్పటికీ తెలీదు. సార్ మాట ఫోన్లో బాపుకీ వినిపించినట్టుంది.

"ఇంకోసారి మోగితే ఉరకకు బిడ్డా. నీ ఆట నువ్వాడు. ఉరకనని చెప్పు" అన్నాడు.

చెబుదామనే అనుకున్నాను. నోరు రాలేదు.