శిల్పి చేతులు

"కొంచెం పక్కకి జరుగుతారా? మీ నీడ ఆయన మీద పడుతోంది."

ఫొటోలు తీయడానికి వాంకోవర్ నుంచి వచ్చిన ఎల్స్‌బెత్ నాతో అన్న మొదటి మాట అది. నేను టీ కప్పు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపల పొడవాటి ఎర్ర దేవదారు దుంగ పడుకోబెట్టి ఉంది. దాని పక్కన నా భర్త హార్వీ బాడిస పట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి నిలబడ్డాడు. నేను జరిగాను. టీ చల్లారిపోతోందని చెప్పాలనుకుని, చెప్పకుండానే కప్పు కింద పెట్టి వచ్చేశాను.

కెనడా పడమటి తీరంలో మా నీస్గా ఆదివాసీ శిల్పుల కుటుంబం ఎలా బతుకుతుందో, వంశకథ చెక్కి నిలబెట్టే స్తంభం ఎలా తయారవుతుందో ఫొటోలతో ఒక పుస్తకం చేస్తానంది ఆవిడ. ఆ వేసవి అంతా మా ఇంటికి వస్తూ పోతూ ఉంది. హార్వీని దుంగ దగ్గర తీసింది, మా అత్త మేబెల్‌ని కిటికీ పక్క కుర్చీలో తీసింది. నన్ను చేపలు కోస్తుండగా తీసింది. "మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి" అనేది. మామూలుగా నేను ఒకచోట ఉండను. పొద్దున బడి వంటగదిలో పిల్లలకి వండిపెట్టి, ఇంటికొచ్చి అత్త కాళ్ళకి మందు రాసి కట్టు మార్చి, చేపలకి పొగబెట్టే కొట్టంలో మంట ఆరిపోకుండా కట్టెలు సర్ది, సాల్మన్ ముక్కలు తిరగేసి, సీసాలకెత్తి, మధ్యలో ఎవరైనా వస్తే మళ్ళీ టీ పెట్టి. ఇందులో ఏది నా మామూలో ఆవిడకి ఎలా చూపించను? అత్త మాత్రం కుర్చీలోంచి కదలకుండానే ఆవిడకి అన్నీ చెప్పేది. "నా కొడుకు చెట్టుని మనిషిగా చేస్తాడు. మా కోడలికి రొట్టె మెత్తగా రాదు" అని. ఎల్స్‌బెత్ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

ఆ ఇద్దరికీ తెలియనిది ఒకటుంది. హార్వీ ఆ స్తంభం మీద ఒక్క ముఖం కూడా చెక్కలేదు.

కొన్నేళ్ళ క్రితం చలికాలంలో హార్వీ పొయ్యి దగ్గర కూర్చుని ఉండగానే ఒక పక్కకి ఒరిగిపోయాడు. టెర్రస్ పట్నంలోని ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేటప్పటికి మాట వచ్చింది, నడక వచ్చింది. కుడి చెయ్యి మాత్రం కప్పు పట్టుకునేంత వరకే వచ్చి ఆగిపోయింది. ఉలి పట్టుకుంటే వేళ్ళు వాటంతటవే తెరుచుకునేవి. ఇంటికొచ్చిన వారానికి నన్ను షెడ్డులోకి పిలిచి, సగం చెక్కిన ఒక చెక్క ముసుగు నా ఒళ్ళో పెట్టాడు. "నువ్వు చిన్నప్పుడు మీ మేనమామ దగ్గర గరిటెలు చెక్కేదానివిగా. ఈ బుగ్గ ఒక్కటి నున్నగా చెయ్యి లోరెట్టా" అన్నాడు. చేశాను. తర్వాత రెండో బుగ్గ, తర్వాత పెదవి. పూర్తయ్యాక ఆ ముసుగుని వెలుతురులో తిప్పి చూసి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. "ఎవరికీ చెప్పనని మాటివ్వు. ఇది పోతే నేనేమీ కాను" అన్నాడు. ఇచ్చాను. ఏడుస్తున్న మొగుడికి మాటివ్వడం ఎంత తేలికో అప్పుడు తెలియలేదు.

మొదట్లో సిగ్గుపడేవాడు. నేను చెక్కుతుంటే పక్కన కూర్చుని ఉలులు నూరి అందించేవాడు, నా మెడ నొప్పెడితే పిసికేవాడు. నిజం చెప్పాలంటే పెళ్ళైన కొత్తలో కూడా మేమంత దగ్గరగా లేము. దేవదారు వాసనలో, చెక్క పొరలు పాదాల మీద పడుతుంటే, నాకు లోపల ఎక్కడో ఊపిరాడినట్టుండేది. ఆ తర్వాత ఎప్పుడు మారాడో గుర్తించలేకపోయాను. ముందు "మనం చేశాం" అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళ ముందు "నేను చేశాను" అన్నాడు, అది అనాల్సిందే. ఒకరోజు ఎవరూ లేనప్పుడు, నా ముందే, నేను చెక్కిన కాకి ముక్కు నిమురుతూ "ఈ వంపు నాకు భలే కుదిరింది" అన్నాడు. ఎగతాళి అనుకుని ముఖం చూశాను. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆ తర్వాత తిట్టడం కూడా మొదలైంది. "లోతు చాల్లేదు. నా పని చెడగొట్టకు" అనేవాడు. నా పని అనేవాడు. బాడిస నా చేతిలో ఉండేది.

ఈ స్తంభం మా పుట్టింటిది. మాలో పిల్లలు తల్లి ఇంటికి చెందుతారు. నేను, నా కూతురు డెలీనా, మా మేనమామ రూబెన్, మేమంతా కాకి వంశంలో ఒకే ఇంటివాళ్ళం. ఇంటి పెద్ద రూబెన్ మామే. చచ్చిపోయేలోగా మన కథ మళ్ళీ నిలబడాలని, పేరున్న శిల్పి కాబట్టి హార్వీకి ఆ పని అప్పజెప్పాడు. ఆ కథ మా ఇంటి సొత్తు, ఇక్కడ చెప్పను. అందులో ఒక ఆడమనిషి ఉందని మాత్రం చెబుతాను. అందరూ వెళ్ళిపోయాక ఒక్కతే బిడ్డతో మిగిలిన మనిషి. హార్వీకి ఆ కథ తెలిసిందే నేను చెప్తే. ఆ ముఖం చెక్కేటప్పుడు నాకు ఎవరి సలహా అక్కర్లేకపోయింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం హార్వీ అత్తని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను షెడ్డులో ఆ ఆడమనిషి కనురెప్ప కింద వంపు కత్తితో సన్నగా గీస్తున్నాను. పొద్దున మర్చిపోయిన సంచీ కోసం ఎల్స్‌బెత్ వచ్చింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. నేను తలెత్తేసరికి ఆవిడ ముఖం తెల్లబోయి ఉంది.

"ఇది ఆయన స్తంభం కాదా?" అంది.

"ఆయనదే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, ఒక్క క్షణం నాకే భయమేసింది.

ఆవిడ ఒక్క ఫొటో తీసుకోనిస్తారా అని మెల్లగా అడిగింది. ముఖం వద్దన్నాను. ముఖం తీయనని ఒట్టేసింది. చేతులు మాత్రం తీసింది, కత్తి, రెప్ప, దాని మీద నా వేళ్ళు. వెళ్ళేటప్పుడు "మీరు ఎందుకు చెప్పరు?" అని అడిగింది. అత్త కట్టు మార్చే వేళయిందని చెప్పి లేచాను.

స్తంభం నిలబెట్టే పండగకి ముందు వారం ఆవిడ ఫొటోలన్నీ పెద్దవి చేయించి మా ఊరి హాలులో గోడలకి పెట్టింది. ఊరంతా వచ్చింది. ప్రిన్స్ రూపర్ట్‌లో చదువుకుంటున్న డెలీనా కూడా వచ్చింది. నేను వంటగదిలో చేపల పులుసు కలియబెడుతూ, అవతల గుంపు ఒకే ఫొటో దగ్గర ఆగుతోందని విని, గరిటె పట్టుకునే బయటికొచ్చాను. గోడ మధ్యలో నా చేతులు. నా అంత ఎత్తున. కింద రెండే మాటలు: శిల్పి చేతులు. ఎల్స్‌బెత్ అబద్ధం రాయలేదు. చదివేవాళ్ళందరూ అబద్ధమే చదువుకుంటున్నారు. అత్త చేతికర్ర ఆనించి నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ "మా వాడివి అచ్చం వాళ్ళ నాన్న చేతులే" అంది. ఎవరో హార్వీ వీపు తట్టారు. అతను ఆ ఫొటో వైపు చూశాడు. పాతికేళ్ళు తనకి అన్నం పెట్టిన వేళ్ళు. గుర్తుపట్టాడు. నాకు తెలుసు, ఎందుకంటే అతని కళ్ళు ఒక్కసారి నన్ను వెతికాయి. దొరికాక, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఆరోజు చెయ్యి బాగా సాగింది."

నేను వంటగదిలోకి వెళ్ళి పులుసు కలిపాను. మాడు వాసన వచ్చేదాకా కలుపుతూనే ఉన్నాను. డెలీనా వచ్చి పొయ్యి ఆపింది.

"నాకు జడలు వేసిన చేతులు నాకు తెలియవా అమ్మా?" అంది. దాని గొంతులో జాలి ఉంటుందనుకున్నాను. కోపం ఉంది. "నాన్న సంగతి వదిలెయ్. అది మన ఇంటి స్తంభం. పండగ విందులో సాక్షులుగా వచ్చిన పెద్దల ముందు చెక్కినవాళ్ళ పేరు చదివాక ఇక మార్చలేం. రేపు నా పిల్లల్ని దాని కింద నిలబెట్టి ఏం చెప్పమంటావు? మీ అమ్మమ్మ పులుసు బాగా చేసేదని చెప్పనా?"

 నాన్న చచ్చిపోతాడే అన్నాను. "నువ్వు బతికే ఉన్నావా?" అని అది వెళ్ళిపోయింది.

మర్నాడు బడి నుంచి ఇంటికి పోకుండా నాస్ నది ఒడ్డుకి వెళ్ళాను. వానలకి నది మట్టి రంగులో ఉరుకుతోంది. కోటు జేబులో వంపు కత్తి ఉంది, అది ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. దాన్ని నీళ్ళలోకి విసిరేయాలనిపించింది. కాసేపయ్యాక, విసిరేయాల్సింది కత్తిని కాదేమో అనిపించింది. అది అనిపించిన తీరు నన్ను భయపెట్టింది. ఏడుపు లేదు, ఆవేశం లేదు, బట్టలు ఆరేయాలి అనుకున్నంత మామూలుగా అనిపించింది. నేను లేకపోతే ఏం తేడా వస్తుందని లెక్క వేసుకున్నాను. అత్త కట్టు ఎవరో ఒకరు మారుస్తారు. బడికి ఇంకో వంటమనిషి వస్తుంది. ఇక హార్వీ. నేను పోయాక కూడా అతను గొప్ప శిల్పిగానే మిగులుతాడు, భార్య పోయిన దుఃఖంలో చెక్కడం మానేశాడని చెప్పుకుంటారు. అక్కడ నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ బురదలో కూలబడిపోయాను. నా చావు కూడా అతని కథకే పనికొస్తుంది. పాదాలు తిమ్మిరెక్కేదాకా కూర్చుని, ఒడ్డెక్కి ఇంటికి నడిచాను.

ఆ సాయంత్రం, పండగలో హార్వీ భుజాల మీద కప్పుకునే దుప్పటికి అలంకారపు గుండీలు కుడుతూ, అతనితో చెప్పేశాను. పండగలోపు నువ్వే రూబెన్ మామకి చెప్పు, నేను పక్కనే ఉంటాను, ఎవరూ నిన్ను తప్పు పట్టరు, చెయ్యి పడిపోవడం నీ నేరం కాదు అని. అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు.

"మరి నాకేం మిగులుతుంది?" అన్నాడు.

నాకేం మిగిలిందని ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారైనా అడిగావా అని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. అతని ముఖం అంత చిన్నదైపోయింది. దారం తెంపి, దుప్పటి మడిచి పక్కన పెట్టాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. అతను ఎవరికీ చెప్పనూ లేదు.

పండగ రోజు ఎండ కాసింది. ఊళ్ళో చెయ్యి పట్టగలిగిన ప్రతివాళ్ళూ దుంగ కిందికి చేరి షెడ్డు నుంచి హాలు ముందుకి మోశారు. నదికి అటూ ఇటూ ఊళ్ళ నుంచి పెద్దలు వచ్చి వరసగా కూర్చున్నారు, వాళ్ళే సాక్షులు. తాళ్ళు కట్టారు. తాళ్ళు లాగే ముందు, చెక్కినవాళ్ళు తమ పనిముట్లు పట్టుకుని స్తంభం చుట్టూ ఆడాలి. హార్వీ నా పక్కన ఎర్ర అంచు దుప్పటిలో నిలబడి ఉన్నాడు. బాడిసని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి వేళ్ళని దాని చుట్టూ ఒక్కొక్కటిగా ముడుస్తున్నాడు. ముడిచిన వేలు మళ్ళీ తెరుచుకుంటోంది. ఎవరికీ కనబడకుండా దుప్పటి కొస అడ్డం పెట్టుకున్నాడు. చెమట పడుతోంది అతనికి. నేను ఆ చేతిని చూడకూడదని స్తంభం వైపు చూశాను. పడుకోబెట్టి ఉన్న ఆ ఆడమనిషి ఆకాశంలోకి చూస్తోంది. ఆమె రెప్ప కింద గీత సరిగ్గా పడింది. ఎంత బాగా పడిందో. 

డప్పులు ఆగాయి. రూబెన్ మామ కర్ర నేలకి తాటించి, ముసలి గొంతు కూడదీసుకుని, మా ఇంటి పేరు చెప్పి, కాకి పేరు చెప్పి, సాక్షుల వైపు తిరిగాడు.

"ఈ స్తంభం చెక్కిన చేతులు ముందుకి రావాలి" అన్నాడు.

హార్వీ కదల్లేదు. నా వైపు చూశాడు. ముసుగు నా ఒళ్ళో పెట్టిన రోజు చూసిన చూపే అది. ఇన్నేళ్ళుగా ఆ చూపుకి నేను అన్నీ ఇచ్చాను. ఇప్పుడు కూడా ఇవ్వాలనే ఉంది, అదే నా దౌర్భాగ్యం.  అవతల వరసలో డెలీనా తల దించుకుని నిలబడి ఉంది. దానికి ఏం జరగబోతోందో తెలుసు, ఎప్పుడూ జరిగేదే కదా.

నేను అతని వేళ్ళ మధ్యలోంచి బాడిస తీసుకున్నాను. అది తేలిగ్గానే వచ్చేసింది.  వెనక కుర్చీలోంచి అత్త "అదేంటి, అదెక్కడికి పోతోంది?" అంటోంది. రెండడుగులు ముందుకి వేసి, ఆగి, వెనక్కి తిరిగి అతని వైపు చెయ్యి చాచాను.

"నువ్వు కూడా రా హార్వీ" అన్నాను.