చంకల్లో చేతులు

మట్టి తొట్టి దబ్బున తిరగబడింది. ఆయా వరండాలో చీపురు పారేసి పరుగున వచ్చేసరికి బురదనీళ్లు బల్లల కిందికి పాకిపోతున్నాయి. చిట్టి కుర్చీల కాళ్లూ, గోడవార పెట్టిన చిట్టి చెప్పులూ, ఎవరిదో టిఫిన్ సంచీ అన్నీ మట్టిలో మునిగాయి. పిల్లలకు మాత్రం పండగలా ఉంది. ఒకడు బురదలో చెయ్యి ముంచి గోడకు అచ్చు వేస్తుంటే, ఇంకొకడు పక్కవాడి వీపునే గోడ చేసుకున్నాడు. ఆయా మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డతో బురద ఎత్తి బకెట్లోకి పిండుతూనే, ముందుగా తన కూతురి చేతుల కోసం వెతికింది.

అవి ఎప్పటిలాగే చంకల్లో ఉన్నాయి.

ఆమె ప్రాణం కుదుటపడింది. తొట్టి తన్నింది గువ్వ కాదు.

ఆ వారమంతా ఆ బడి బుజ్జాయిల తరగతిలో పుస్తకాలు మూసేశారు. తలుపు మీద రంగు కాగితాలతో 'చేతులారా నేర్చుకుందాం' అని అంటించారు. ఒకరోజు మట్టి, ఒకరోజు నీళ్లు, ఒకరోజు పిండి, ఆ తరవాత గింజలు. శనివారం తల్లిదండ్రులొచ్చి చూస్తారు. "ఈ వారం పిల్లలు పట్టుకుని, పిసికి, విరగ్గొట్టి నేర్చుకుంటారు ఆయమ్మా, మీకు కాస్త పని ఎక్కువే," అని టీచరమ్మ ముందే చెప్పింది. పని సంగతి ఆయా చెవికెక్కలేదు. 'విరగ్గొట్టి' అన్న మాట దగ్గరే ఆమె గుండె జారిపోయింది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆయా కీడెంచే దగ్గరే రోజంతా గడిపేసేది, మేలు దాకా వెళ్లడానికి ఆమెకు తీరిక దొరికేది కాదు. మట్టంటే గోళ్లలో పుండ్లు, నీళ్లంటే జ్వరం, గింజలంటే ముక్కులో ఇరుక్కుని ఊపిరాడకపోవడం. ఇవన్నీ జరగకపోయినా, ఏదో ఒకటి పగులుతుంది, ఎవరో ఒకరు 'ఆయా కూతురే' అంటారు. అన్నాక ఇక గువ్వకు ఈ గదిలో చోటుండదు.

ఆ చోటు తేలిగ్గా దొరకలేదు. నెల జీతంలో సగం గువ్వ ఫీజు కింద పట్టుకునే షరతు మీద పెద్ద మేడమ్ ఒప్పుకుంది. అంతకు ముందు ఆయా ఇళ్లలో పనిచేసేది. పిల్లను ఎవరి దగ్గరా వదిలే వీల్లేక వెంట తీసుకెళ్లేది. గువ్వ అప్పుడప్పుడే నడుస్తోంది. ఒక ఇంట్లో పింగాణీ కూజా మీద పువ్వు బొమ్మ ఉంటే, నిజం పువ్వనుకుని లాగింది. కూజా ముక్కలైంది. ఆ పూటే పని పోయింది. మర్నాటినుంచి కొత్త ఇంటి గడప తొక్కే ముందు ఆయా పిల్లను ఆపి అడిగేది: "చేతులెక్కడే?"

"చంకల్లో!"

పిల్ల దాన్ని ఆటనుకుంది. మాటలు సరిగ్గా రాకముందే చేతులు దాచుకోవడం వచ్చేసింది. ఇప్పుడు అడగనక్కర్లేదు. కొత్త గది కనిపిస్తే చాలు, చేతులు వాటంతటవే పైకి వెళ్లి దాక్కుంటాయి.

బురద ఎత్తుతుండగానే పెద్ద మేడమ్ వచ్చింది. తడి చోటు తప్పించుకుంటూ మునివేళ్ల మీద నడిచి, పిల్లలు చేసిన ఉండల్నీ పాముల్నీ మెచ్చుకుంది. గువ్వ ముందున్న మట్టిముద్ద ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.

"ఈ పిల్లేంటి, బొమ్మలా కూర్చుంది?"

"భయం మేడమ్ దానికి. కొంచెం టైమిస్తే..." టీచరమ్మ సర్దబోయింది.

"శనివారం అందరూ వచ్చేనాటికి ఇలాగే కూర్చుంటే బావుంటుందా? దానికి వచ్చిన పనే ఇద్దాం. ఆయా, చిన్న గుడ్డ ఒకటి ఇవ్వు దానికి. బల్లలు తుడుస్తుంది. అదీ చేతులతో నేర్చుకోవడమే కదా. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

ఆయా బకెట్లోని గుడ్డల్లో మెత్తనిది ఏరి, శుభ్రంగా జాడించి, కూతురికి ఇచ్చింది. గువ్వ చేతులు చంకల్లోంచి బయటికి వచ్చాయి. గుడ్డను ముట్టుకోవచ్చని దానికి తెలుసు. అమ్మ ముట్టుకునేది అదే కదా.

నిజం చెప్పాలంటే ఆ పూట ఆయా సంతోషపడింది. గుడ్డ పగలదు. గుడ్డ ముక్కులో ఇరుక్కోదు. నీళ్ల రోజున మిగతా పిల్లలు ఏది మునుగుతుందో ఏది తేలుతుందో అని రాళ్లూ బెరళ్లూ వేసి చూస్తుంటే, గువ్వ ఒలికిన నీళ్లు తుడిచింది. పిండి రోజున పిండి దులిపింది. మూలలు కూడా వదలకుండా, అచ్చు తల్లిలాగే, గుడ్డను నాలుగు మడతలు వేసి తుడిచేది. పెద్ద మేడమ్ తల నిమిరి "బంగారం" అంది. తన కూతుర్ని ఈ బడిలో ఎవరైనా బంగారం అనడం ఆయా వినడం అదే మొదలు.

"ఏమే పిల్లా, ఇంటిల్లిపాదికీ ఉద్యోగం ఇచ్చేశారా?" అంది బస్సు పెద్దమ్మ. బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ముసలామె ఆమె. నోటికి తాళం లేదు. "పోనీ మీ ఆయన్ని కూడా తీసుకురా, గంట కొడతాడు."

"ఊరుకో పెద్దమ్మా. ఏదీ పాడు చెయ్యకుండా కూర్చుంటే అదే పదివేలు."

గింజల రోజున ఆ పదివేలూ పోయాయి. పిల్లలు తడి దూదిలో గింజలు నాటుతున్నారు. తెల్ల రిబ్బను కట్టుకున్న ఒక పాప తన బల్ల మీద కారిన నీళ్లు చూసి, తల కూడా తిప్పకుండా చిటికె వేసింది.

"ఏయ్, ఇక్కడ తుడువు."

"అలాగేనమ్మా," అంది గువ్వ.

ఆ రెండో గొంతు ఆయాకు బాగా తెలుసు. మాట చివర కాస్త వంగి, అవతలివాళ్లకు కోపం రాకముందే తప్పు ఒప్పేసుకునే ఆ గొంతు ఆమెదే. ఈడుపిల్లను పట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా, తల్లి గొంతుతో 'అమ్మా' అంది పిల్ల. ఆయా చేతిలో చీపురు ఆగిపోయింది. ఇన్నాళ్లూ గోళ్లలోకీ ముక్కులోకీ వస్తుందని తాను కాపలా కాసిన కీడు, తన దారినే, తన మాటల్లోంచే వచ్చి పిల్లలో కూర్చుంది.

సాయంత్రం ఇంటికెళ్లాక ఆయా పళ్లెంలో పిండి పోసి, నీళ్లు చిలకరించి, గువ్వను పిలిచింది.

"రా, కలుపు."

గువ్వ పళ్లెం వంక చూసి చేతులు దాచుకుంది. "వద్దమ్మా. పాడైతే?"

"పాడవదు."

"పాడైతే మన మీదకొస్తుంది కదా."

ఆ మాటా తనదే. ఆయాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పిల్ల చేతులు రెండూ చంకల్లోంచి లాగి, మణికట్ల దాకా పిండిలో ముంచేసింది. గువ్వ బిక్కచచ్చి తల్లి మొహం చూసింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఒక వేలు కదిపింది. తరవాత ఇంకొకటి. పిండి వేళ్ల సందుల్లోంచి పైకి ఉబికి వచ్చేసరికి కిసుక్కున నవ్వి, రెండు చేతులా చరిచింది. పళ్లెం అంచు లేచి పిండంతా నేల మీద పడింది.

'నీ చేతులు పడిపోనూ' అన్న తిట్టు ఆయా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఇంకా కొట్టవే," అంది. "గట్టిగా."

మూటలు మోసి ఇంటికొచ్చిన తండ్రి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏంటిది, మన కొంపలోకి గాలివాన వచ్చిందా?"

"నీ కూతురు చదువుకుంటోంది. చూసి అడుగెయ్యి," అంది ఆయా.

శుక్రవారం మళ్లీ మట్టి తీశారు, మర్నాటి కోసం. గువ్వ గుడ్డను కుర్చీ వెనక వేలాడదీసి, ఎవరినీ అడక్కుండా మట్టిముద్ద ముందుకు లాక్కుంది. చూసిన టీచరమ్మ ఇంకో ముద్ద తెచ్చి పక్కన పెట్టింది. గువ్వ మట్టిని నొక్కింది, గుంట చేసింది, కూల్చింది, మళ్లీ లేపింది.

"ఏంటే ఇది?" అని ఆయా వంగి అడిగింది.

"తెలీదు. ఇంకా అవ్వలేదు."

సాయంత్రం బస్సు పెద్దమ్మతో ఆయా గొంతు తగ్గించి చెప్పింది. "రేపు దానిచేత గుడ్డ పట్టించను పెద్దమ్మా."

"పెద్ద మేడమ్ ఊరుకుంటుందా? సీటు పీకేస్తే? నీ పని కూడా పోతే?"

"పోతుందేమో."

పెద్దమ్మ నోరు తెరిచింది. "పొద్దున లేస్తే పిడుగులు లెక్కపెట్టేదానివి. ఇవాళ నేను పిడుగు పడుద్దని చెబితే గొడుగైనా వెతకవేంటే?"

ఆయా బకెట్ బోర్లించి గువ్వను పిలిచింది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టిందని మాత్రం చెప్పలేం.

శనివారం తరగతి ఇస్త్రీ బట్టలతో, సెంటు వాసనతో నిండిపోయింది. తండ్రులు చిట్టి కుర్చీల్లో ఇరుక్కుని ఫోటోలు తీస్తున్నారు. పిల్లలు మొలకల్నీ పిండి బొమ్మల్నీ చూపిస్తున్నారు. గువ్వ కిటికీ పక్కన తన మట్టి మీద వంగి ఉంది. మోచేతుల దాకా మట్టి. అది ఇంకా అవ్వలేదు.

అంతలో బొద్దుగా ఉన్న ఒక బాబు, నాన్నకు చూపించే తొందరలో, ఎర్ర రంగు కలిపిన నీళ్ల గిన్నె తోసేశాడు. ఎర్రనీళ్లు బల్ల మీద పరుచుకున్నాయి.

"ఏం ఫర్వాలేదు, ఏం ఫర్వాలేదు," పెద్ద మేడమ్ నవ్వుతూ ముందుకొచ్చింది. "మా దగ్గర పిల్లలకు పని విలువ కూడా నేర్పుతాం. ఇప్పుడు చూడండి." కుర్చీ వెనకనున్న గుడ్డ తీసి చాచింది. "గువ్వా, రామ్మా బంగారం."

గువ్వ తల ఎత్తింది. గుడ్డను చూసింది, తల్లిని చూసింది. మట్టి చేతులు మట్టితోనే చంకలవైపు లేవసాగాయి.

"అది రాదు మేడమ్," అంది ఆయా.

పెద్ద మేడమ్ నవ్వు చెదరనివ్వలేదు. "నిన్ను కాదు ఆయా. పాపని పిలిచాను."

"విన్నానండీ. పాప పనిలో ఉంది. గుడ్డ నాకివ్వండి, నేను తుడుస్తాను. అది నా పని. దానిది కాదు."

"పని నేర్చుకుంటే తప్పేముంది?"

"తప్పేం లేదండీ. నేర్పితే అందరికీ నేర్పండి. ఒలకబోసిన బాబు ఇక్కడే ఉన్నాడు, వాడికీ బంగారంలాంటి చేతులున్నాయి."

ఎవరో తల్లి పక్కున నవ్వి, వెంటనే పైట నోటికి అడ్డం పెట్టుకుంది. బాబు తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. పెద్ద మేడమ్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "నీ పిల్లకి ఇక్కడ సీటిచ్చింది ఎవరో మర్చిపోయినట్టున్నావు."

"ఎలా మర్చిపోతానండీ? నెలనెలా నా జీతంలోంచి కోసినప్పుడల్లా గుర్తొస్తూనే ఉంటుంది." ఆయా గొంతు తగ్గించలేదు.

పని పోవడం, సీటు పోవడం, మళ్లీ పిల్లను చంకనేసుకుని గడపగడపా తిరగడం, అన్నీ కళ్ల ముందు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆమె వాటిని చూసింది. అవన్నీ రోజూ చూసే మొహాలే. ఇన్నేళ్లుగా తనతో తిని, తనతో పడుకున్నవే. కొత్తగా భయపడ్డానికి వాటిలో ఏమీ మిగల్లేదు.

"సోమవారం ఆఫీసుకి రా. అక్కడ మాట్లాడతాను నీతో," అంది పెద్ద మేడమ్. గుడ్డ మాత్రం ఇంకా గువ్వవైపే చాచి ఉంది.

"వస్తానండీ." ఆయా కూతురివైపు తిరిగింది. గువ్వ చేతులు సగం దారిలో గాల్లోనే ఆగి ఉన్నాయి. "చేతులెక్కడే?"

పిల్ల తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత చేతులు దించి, మట్టిలో ముంచేసింది.

"ఇక్కడ," అంది. ఆపైన గుడ్డ పట్టుకున్న పెద్ద మేడమ్ వంక చూసి, అడిగినవాళ్లకు చెప్పినట్టు చెప్పింది: "ఇంకా అవ్వలేదు."

టీచరమ్మ గువ్వ మట్టి ఉన్న పలకను తడి తగలని వైపుకి జరిపింది. బల్ల అంచు దాటిన ఎర్రనీళ్లు బొట్టు బొట్టుగా నేల మీద పడుతున్నాయి. గుడ్డ పెద్ద మేడమ్ చేతిలోనే వేలాడుతోంది.