నది లేని ఊళ్లో ఏడో రోజు

ఏడో రోజు పొద్దున్నే నబ్రా పొయ్యి మీద గోధుమజావ ఎక్కించింది. పాలు పోసి, ఖర్జూరాలు చిదిమి వేసి, అడుగంటకుండా కలుపుతూ గుమ్మం వైపు ఓరకంట చూసింది. గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. తమ్ముడంటే అల్లాటప్పా తమ్ముడు కాదు, షేక్ అబ్దూన్. కైరోలో చదువుకుని వచ్చి ఊరి మసీదులో నమాజు చేయించే పెద్దమనిషి. ఇంత పొద్దున్నే వచ్చాడంటే మనవరాలిని ఎత్తుకోవడానికి కాదని ఆమెకు తెలుసు.

"ఆ కుండ ఎవరికక్కా?"

"నీకైతే కాదులే."

"ఏటికేనా?"

"ఏటివాళ్లకి. ఏడో రోజున ఇంకెవరికి వండుతార్రా?"

ఈజిప్టు దక్షిణపు కొసన ఉన్న నూబియాలో బిడ్డ పుట్టిన ఏడో రోజున తల్లినీ బిడ్డనీ నైలు ఒడ్డుకు తీసుకెళ్లాలి. పొద్దు కుంకేలోగా బిడ్డ మొహం ఏటినీళ్లతో కడగాలి. నీళ్ల అడుగున కాపురముండే వాళ్లకు జావ పెట్టి, ఇదిగో మా బిడ్డ, మీరూ ఒక కన్నేసి ఉంచండి అని అప్పజెప్పాలి. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. తల్లి కొంగు పట్టుకుని ఒడ్డుకు నడిచిన ప్రతి ఆడపిల్లకూ వచ్చేస్తుంది.

మరి ఇప్పుడు ఒడ్డే లేదు. పెద్ద ఆనకట్ట కడుతున్నాం, మీ ఊళ్లు మునుగుతాయి అని చెప్పి సర్కారు వాళ్లను పడవలెక్కించి, రైళ్లెక్కించి, కోమ్ ఒంబో పట్నం అవతల ఈ ఎండునేల మీద దించి రెండేళ్లు కావస్తోంది. అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లు వరసగా కట్టి, పాత ఊరి పేరే దీనికీ తగిలించారు. పేరు తగిలిస్తే ఊరైపోతుందా? ఒకప్పుడు గుమ్మంలో నిలబడితే కనిపించిన ఏరు ఇప్పుడు చెరుకుతోటలూ రైలుకట్టా దాటి ఎక్కడో ఉంది. పచ్చి బాలింత నడిచే దూరం కాదు. దగ్గర్లో ఉన్నది నైలు నీళ్లు తెచ్చే పంటకాల్వ ఒక్కటే.

"పోయినసారి ఏం చెప్పానో ఇప్పుడూ అదే చెబుతున్నాను," అన్నాడు అబ్దూన్. "గొర్రెను కోద్దాం, పేరు పెడదాం, నలుగురికీ అన్నం పెడదాం. అక్కడితో సరి."

నబ్రా చేతిలో గరిటె ఆగిపోయింది. పోయినసారి అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పోయినసారి, ఇక్కడికొచ్చిన మొదటి ఎండాకాలంలో, కోడలు దహీబాకు మగబిడ్డ పుట్టాడు. కాల్వ దాకా వెళ్తే పక్క ఊరి రైతులు నవ్వుతారని, ఇది ఇస్లాం కాదని అబ్దూన్ అడ్డం పడ్డాడు. నబ్రా కొడుకు అలెగ్జాండ్రియాలో ఎవరి వంటింట్లోనో పనికి ఉన్నాడు, అడిగే మగదిక్కు లేదు. దహీబా తల వంచుకుని సరేనంది. నలభై రోజులు నిండకుండానే పిల్లాడు పోయాడు. ఆ ఎండాకాలంలో ఊళ్లో పోయిన పసిబిడ్డ వాడొక్కడే కాదు. వేడి అన్నాడు డాక్టరు, కొత్త నీళ్లు పడలేదన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ దహీబా మనసులో ఒక్కటే ముల్లు దిగబడిపోయింది, నా బిడ్డను ఏటికి చూపించలేదు అని. అప్పట్నుంచి ఆ పిల్ల మాట సగం పడిపోయింది. నబ్రాకు మాత్రం తమ్ముడి మీద కోపం కంటే తన మీద తనకే కోపం ఎక్కువ. ఆ రోజు ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పటికీ పళ్లు నూరుకుంటుంది.

"ఈసారి నా దగ్గర నీ పప్పులుడకవు," అంది.

"అక్కా, కోపం కాదు. ఆలోచించు. పక్క ఊళ్లో మనల్ని ఏమంటున్నారో తెలుసా? నల్లోళ్లు ఏటికి మొక్కుతారట అంటున్నారు. అంతగా కావాలంటే ఓ రెండు మాటలు అరబ్బీలో దువా చదివి రండి. మన నూబియా మాటలో ఆ పిలుపులూ, ఆ పాటలూ వద్దు."

"ఏటివాళ్లకి అరబ్బీ రాదు."

"నీకెవరు చెప్పారు?"

"వచ్చుంటే రేడియోలో ఆనకట్ట సంగతి విని మనకంటే ముందే మూటాముల్లె సర్దుకునేవాళ్లు కాదూ?"

పక్కింటి షాయా గోడ మీంచి పకపకా నవ్వింది. అబ్దూన్ ముఖం మాడ్చుకున్నాడు. లోపల మంచం మీద పిల్ల ఏడిస్తే నబ్రా వెళ్లి ఎత్తుకొచ్చింది. పాప నుదుటి మీద కాటుకతో నిలువు గీత ఒకటి, అడ్డగీత ఒకటి ఉన్నాయి. దాన్ని చూడగానే ఒంటికాలి మీద లేచాడు షేక్ గారు.

"అది కిరస్తానీ గుర్తక్కా! మన తాతల తాతలు ఆ మతంలో ఉన్నప్పటిది. వదిలేసి ఎన్ని వందల ఏళ్లయింది!"

"ఎవరి గుర్తయితే నాకేం? మా అమ్మమ్మ నాకు పెట్టింది, నేను నీకు పెట్టాను. నువ్వేమైనా చర్చికి పోయావా? షేకువయ్యావు." నబ్రా పిల్లను భుజాన వేసుకుని వీపు నిమిరింది. "నేను అయిదు పూటలా నమాజు చేస్తాను, ఉపవాసాలుంటాను. మతం, దీను అంటూ నాకు నేర్పకు. అల్లా మాట మన ఊరికి ఎలా వచ్చింది? విమానంలో వచ్చిందా? పడవలో వచ్చింది. ఆ పడవను మోసుకొచ్చింది ఎవర్రా? అంత మేలు చేసినవాళ్లకి గిన్నెడు జావ పెడితే నీ దీను కరిగిపోతుందా?"

అబ్దూన్ దగ్గర దానికి జవాబుంది, కైరోలో చదివిందే. అక్క దగ్గర అది చెల్లదు. "నువ్వు ఆ కాల్వకు పోతే నేను పేరు పెట్టడానికి రాను," అని చెప్పి విసురుగా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కాగానే ఆడవాళ్లు బయల్దేరారు. గాడిదబండి మీద దహీబా, ఒళ్లో పాప, పక్కన జావకుండ. వెనకాల నబ్రా, షాయా, వీధిలోని ఆడవాళ్లంతా నల్లటి పల్చని గౌనులు నేలమీద జీరాడుతుంటే డప్పులు కొడుతూ నడిచారు. పాత ఊళ్లో పాడిన పాటే పాడారు. చెరుకు కొడుతున్న రైతులు చేతులాపి చూశారు. చూడనీ అనుకుంది నబ్రా. ఆమెకు రెండేళ్లలో ఎన్నడూ లేనంత హుషారుగా ఉంది.

కాల్వగట్టు ఎక్కేసరికి పాట గొంతులోనే ఆగిపోయింది.

కాల్వలో నీళ్లు లేవు. బురద, ఎండిపోయిన నాచు, చచ్చిన చేపల కంపు. మోకాళ్ల దాకా బురదలో దిగి నలుగురు మనుషులు పారలతో మట్టి ఎత్తిపోస్తున్నారు.

"నీళ్లేవి?" అని అరిచింది నబ్రా.

బురదలోని రైతు ఒకతను నడుం నిలబెట్టాడు. "చలికాలం కదమ్మా, కట్టేశారు. పూడిక తియ్యాలిగా."

"కట్టేశారా? ఎవరు?"

"సర్కారోళ్లు. ఏటా కట్టేస్తారు. మీకు తెలీదా?"

వాళ్లకు తెలీదు, ఈ కాల్వతో ఇన్నాళ్లూ వాళ్లకు పనే పడలేదు. ఏటిగట్టునే పుట్టి ఏటిగట్టునే పెరిగిన మనుషులు. నైలు పొంగడం తెలుసు, తగ్గడం తెలుసు. తలుపేసినట్టు నీళ్లు కట్టేస్తారన్న సంగతి ఆ గుంపులో ఒక్కరికైనా తట్టలేదు. వారం రోజులుగా జావ గురించి, డప్పుల గురించి, అబ్దూన్ నోరు ఎలా మూయించాలన్న దాని గురించి మాట్లాడుకున్నారే గానీ, కాల్వలో నీళ్లున్నాయా అని అడిగినవాళ్లు లేరు. నబ్రా గట్టు మీద కూలబడింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

బండి మీంచి దహీబా కాల్వలోకి చూసింది. ఏడవలేదు. పాపను ఇంకా గట్టిగా హత్తుకుంది, అంతే. ఆ చూపు చూసిన నబ్రా ఉన్నపళాన లేచింది.

"బండి తిప్పండి," అంది. "పొద్దింకా ఉంది."

"ఎక్కడికి పోతాం నబ్రా?" అని అడిగింది షాయా.

నబ్రాకు కూడా తెలియదు. ఉత్తినే నడిచింది. వీధి మొదట్లోకి వచ్చేసరికి మసీదు అరుగు మీద మగవాళ్లతో కలిసి అబ్దూన్ కూర్చుని ఉన్నాడు. కబురు ముందే చేరిపోయినట్టుంది.

"ఏం అక్కా, ఏటివాళ్లు ఇంట్లో లేరా?"

అరుగంతా ఘొల్లున నవ్వింది. నబ్రా ఒళ్లు భగ్గుమంది. నోటికొచ్చిన తిట్టు తిట్టబోయి, మసీదు గోడ పక్కన కుళాయి దగ్గర డబ్బాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లను చూసి ఆగింది. సాయంత్రం నీళ్లు వదిలే వేళయింది. కుళాయి గుర్రుమని దగ్గి, ఎర్రగా ఉమ్మి, తర్వాత తెల్లగా పోయడం మొదలెట్టింది.

"ఒరే అబ్దూన్, ఆ కుళాయిలో నీళ్లెక్కడివిరా?"

"నైలువే. పెద్ద పంపులు పెట్టి..." అంటూ ఆగిపోయాడు అబ్దూన్. అక్క ముఖం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. "వద్దక్కా. ఇక్కడ కాదు. మసీదు ముందు కాదు."

"కాల్వ దగ్గర చేసుకుంటామంటే నవ్వుతారన్నావు. ఇక్కడైతే నవ్వేవాళ్లు ఎవరు? అందరూ మనవాళ్లేగా." వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. "బండి ఇటు తేండే! డప్పు కొట్టండి!"

"కుళాయికి మొక్కుతావా, సిగ్గులేదూ?"

"నేనేం మొక్కడం లేదు. బిడ్డను పరిచయం చేస్తున్నాను. మనల్ని తీసుకొచ్చి ఇక్కడ పడేసిన సర్కారు, వాళ్లని గొట్టంలో కుక్కి తెచ్చింది. వాళ్లూ మనలాంటి వాళ్లేరా. కొత్త ఇంట్లో ఉన్నారు, దిక్కు తోచక ఉంటారు, పలకరించేవాళ్లు లేరు."

డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్లు డబ్బాలు కింద పెట్టేశారు. ఎవరో నాలుక ఆడిస్తూ సంబరపు కేక పెట్టారు. అబ్దూన్ ఒక్క అంగలో వెళ్లి కుళాయి తిప్పేసి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఈ ఊళ్లో నా మాటకు విలువుందా లేదా, ఇవాళ తేలిపోవాలి," అన్నాడు. అతనిది ఉత్త పంతం కాదని నబ్రాకూ తెలుసు. కైరోలో అతన్ని కూడా ఏటికి మొక్కే నల్లోడని పిలిచారు, ఆ మాట పడలేకే అంత చదివాడు. జాలేసింది. జాలేస్తే మాత్రం, వదులుతుందా? అతని చేతిని లాగిపారెయ్యడానికి కొంగు బిగించి ముందుకు కదిలింది.

కానీ అప్పటికే దహీబా బండి దిగింది. నీరసంగా ఉంది, ఒక చేత్తో బండిచక్రం పట్టుకుని నిలదొక్కుకుంది. పాపను ఎత్తుకుని నడిచి వచ్చి, మామయ్య ఎదురుగా, ఆయన ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడింది. ఏడాదిన్నరగా ఆమె గొంతు వీధిలో ఎవరూ వినలేదు.

"మామయ్యా, చెయ్యి తియ్యండి."

"అమ్మా, నేను నీ మంచికే..."

"పోయినసారి మీ మాట విన్నాను."

డప్పులు ఆగిపోయాయి. అరుగు మీది మగవాళ్లు తలలు వంచుకున్నారు, ఆ ఎండాకాలంలో చిన్న చిన్న గోతులు తవ్వింది వాళ్ల చేతులే. అబ్దూన్ ఆమె కళ్లలోకి చూడబోయాడు, చేతకాలేదు. చెయ్యి దానంతటదే జారింది. పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాడు.

దహీబా కుళాయి తిప్పింది. దోసిట్లో నీళ్లు పట్టి పాప మొహం కడిగితే, పాప ఉలిక్కిపడి, కాళ్లు తన్ని, ఊరంతా వినపడేలా కేర్‌మంది. నబ్రా జావ తీసి కుళాయి కింద రాళ్ల మీద పోసింది. పిలవాల్సింది ఇంటికి పెద్దావిడ కాబట్టి నబ్రాయే గొంతు సవరించుకుంది. దహీబా చెయ్యెత్తి ఆపింది.

"నేను పిలుస్తానత్తా."

రోడ్డు మీద పోయే రైతుల బళ్లకు కూడా వినిపించేలా, తన తల్లి మాటలో, తల ఎత్తి పిలిచింది:

"నీటివాళ్లారా! ఆనకట్ట కట్టి మమ్మల్ని ముంచారు, మేం చావలేదు. మేం ఇక్కడున్నాం, మీరూ ఇక్కడే ఉన్నారు. ఒకణ్ణి మీకు చూపించకుండా మట్టికిచ్చుకున్నాను. ఇది నా కూతురు. దీన్ని ఎవ్వరికీ ఇవ్వను. చూసి పెట్టుకోండి!"